సోఫా మీద నల్లమరక

ఆదివారం ఉదయం ఇల్లు సర్దుతూ సోఫా మీది తువ్వాలు తీసిన సాయిపద్మ అలాగే నిలబడిపోయింది. లేత గోధుమరంగు గుడ్డ మీద అరచేయంత నల్లమరక. ఎవరో నీళ్లతో రుద్దినట్టు అంచులన్నీ పాకిపోయి ఉన్నాయి. ఆ సోఫా బరంపురంలోని వాళ్లింటికి వచ్చి ఇంకా నెల తిరగలేదు. సాయంత్రం ఆమెతో పనిచేసే టీచర్లు టీకి వస్తున్నారు కూడా.

"రింకీ!"

మూడో తరగతి చదివే కూతురు పరుగున వచ్చింది. దాని స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న పర్మనెంట్ మార్కర్, మూత లేకుండా సోఫా కిందే దొరికింది.

"ఏటిది? అట్ట మీద రాయమని కొనిస్తే సోఫా మీద రాస్తావా?"

ఏడుపొస్తే రింకి నోట ఒడియా వస్తుంది. "ము కరినాహిఁ అమ్మా! నాను సెయ్లేదు!"

"మరెవులు సేసారు? పైగా అబద్దమా?" సాయిపద్మ పిల్ల వీపు మీద ఒక్కటేసింది.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు పుణ్యవతి గబగబా వచ్చి పిల్లను దగ్గరకు లాక్కుంది. "దాన్ని కొట్టకమ్మా. నానే సేసినాను."

దుకాణానికి బయల్దేరబోతున్న సాయిపద్మ భర్త హేమచంద్ర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"మాత్రల అట్టల మీద ఇంగ్లీసు ముక్కలు నాకు తెలవవు కదా," అంది పుణ్యవతి, కొడుకునీ కోడల్నీ చూడకుండా. "పొద్దుటిది, రాత్రిది అని తెలుగులో పెద్దగా రాసుకుందామని నిన్న ఇక్కడ కూకున్నాను. పెన్ను జారిపోనాది. నీల్లతో తుడిస్తే ఇంకా పాకింది."

"నిన్ననే సెప్పుంటే అయిపోను కదత్తయ్యా! పసిదానికి దెబ్బ పడింది!"

"సెప్దామనే అనుకున్నాను. బయమేసింది."

"బయమా? నానంటేనా?"

"మొన్న కాఫీ కప్పు బద్దలుకొట్టినాను కదా. రెండ్రోజులు నువ్వు నాతో మాటాడ్లేదు. మల్లీ అలగే అవుతాదేమోనని..."

సాయిపద్మ భర్త వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "నానూ సూసాను పద్దా. నీకు సెప్పడానికి నాకూ దైర్యం సాల్లేదు."

ఆ రెండు రోజులూ ఆమెకు బాగానే గుర్తున్నాయి. పెద్దావిడ మీద నోరు పారేసుకోకుండా ఊరుకున్నానని, అది తన మంచితనమని అనుకుంది. ఆ మౌనానికి ఒక ముసలి ప్రాణం వణికిందని ఇప్పుడే తెలిసింది.

సాయిపద్మ రింకి ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పయిపోయింది బంగారం."

పిల్ల ముక్కు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. "మామ్మకి కూడా సెప్పు."

సాయిపద్మ అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. కళ్లకద్దుకుంది. పుణ్యవతే ఆమె తల నిమిరింది. "ఊరుకో అమ్మా. నువ్వు సెడ్డదానివని నానెప్పుడూ అనుకోలేదు."

హేమచంద్ర మందుల షాపు నుంచి స్పిరిట్, దూది తెచ్చాడు. కిటికీలు తెరిచి, రంగు పోతుందేమోనని ముందు సోఫా వెనక మూల కొంచెం అద్ది చూశారు. గుడ్డకు ఏమీ కాలేదు.

"రుద్దకండత్తయ్యా, ఇంకా పాకుతాది. అంచుల నుంచి మద్దెకి ఇలగ అద్దాలి. దూది నల్లబడగానే పారేసి ఇంకోటి తీసుకోండి."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అద్దుతూ పోయారు. రింకి దూది ఉండలు చేసి అందించింది. మధ్యాహ్నానికి మరక పలచటి నీడలా మిగిలింది. అద్దుతూనే ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో సాయిపద్మ అడిగి తెలుసుకుంది.

నాలుగు రోజుల తర్వాత, బడికి తయారవుతున్న సాయిపద్మకు వంటింట్లో గిన్నె దబ్బున పడిన చప్పుడు వినిపించింది. వెంటనే అత్తగారి కేక.

"పద్దమ్మా! పాలన్నీ ఒలికిపోనాయి! గుడ్డట్టుకుని బేగి రా!"

పదేళ్ల కాపురంలో అత్తగారు అంత చనువుగా పిలవడం అదే మొదటిసారి. సాయిపద్మకు కళ్లు చెమర్చాయి. సగం కట్టిన చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తింది.