కాలిన చెరుకు ఏ గేటుకు?

"బాలశౌరిని పొట్టన పెట్టుకున్న ముఠా మళ్లీ దిగింది," అన్నాడు చీఫ్ గోపీనాథ్ ఫోన్‌లో.

గురజాలలో ట్రాక్టర్ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ అక్రం చేతిలోని రెంచీ పక్కన పడేశాడు. పోయిన సీజన్‌లో చెరుకు తోట మంటల్లో చిక్కి చనిపోయిన పార్ట్‌నర్ బాలశౌరి. అప్పటినుంచి చెరుకాకు కదిలితే చాలు, పొగలో ఉక్కిరిబిక్కిరైన ఆ దగ్గే వినిపిస్తోంది.

"రిజర్వ్ ఏరియా కేసు," అన్నాడు చీఫ్. "మీ చుట్టుపక్కల ఊళ్ల చెరుకు పాత మిల్లుదా, కొత్త మిల్లుదా అన్నది రేపు హైకోర్టు తేలుస్తుంది. కొత్త మిల్లు వెనక ఫారిన్ సిండికేట్ ఉంది. ఇవాళ తోటలు తగలబెడతారు. కాలిన చెరుకు నిలవ ఉండదు. రైతులు దగ్గరున్న కొత్త మిల్లు గేటుకే తోలాలి. రైతులు కొత్త మిల్లునే కోరుకుంటున్నారనడానికి ఆ ట్రాక్టర్ల వీడియోలే రేపు సాక్ష్యం. లోపల మన డబుల్ ఏజెంట్ కావ్య ఉంది. కోడ్, 'మడవ తెగింది'."

అక్రం నేరుగా బాలశౌరి భార్య హైమావతి తోటకు వెళ్లాడు. ఆమెకున్న ఆధారమల్లా ఆ ఎకరమే.

"రా అక్రమూ. మీ అన్న దగ్గు నీకూ ఇనపడతందా? నాకు రోజూ ఇనపడుద్ది," అంది ఆమె.

"లేదు వదినా," అని అబద్ధమాడాడు.

గట్టు మీద తెల్ల కారు ఆగింది. నల్లకళ్లద్దాలు, ఎర్ర సిల్కు చీర, చేతిలో రిమోట్‌తో ఒకామె దిగింది.

"మడవ తెగింది," అంది నవ్వుతూ. "నేను కావ్య. అంతా సేఫ్. కవర్ కోసం పురుగుమందు కొట్టిస్తున్నా."

కారు టాప్ మీంచి డ్రోన్ లేచింది. అక్రం ఊపిరి పీల్చుకోబోయి ఆగాడు. ఈ తోటకు కటింగ్ ఆర్డర్ వచ్చేసింది, రేపే కోత. నరకబోయే చెరుకుకు మందు ఎవరు కొడతారు? పైగా గాలిలో పెట్రోలు వాసన. కావ్య అమ్ముడుపోయింది.

రెంచీల పెట్టెలోని జామర్ మీద చెయ్యి వేశాడు. తోటలోంచి దగ్గు. డ్రోన్ చెరుకు మీదికి వంగింది. కళ్లు మూసుకుని నొక్కాడు.

డ్రోన్ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏం చేశావ్?" కావ్య మొహం పాలిపోయింది.

"సిగ్నల్ కట్ చేశా. ఇక అది లేచినచోటికే వస్తుంది. పరిగెత్తు."

ఆమె పరిగెత్తింది. డ్రోన్ కారు మీద వాలింది, దాని టైమరు పేలి పెట్రోలు అంటుకుంది, కారు భగ్గుమంది. చెరుకు ఆకైనా కమలలేదు.

అక్రం కబురుతో వచ్చిన పోలీసులు కావ్యను పట్టుకుని జీపెక్కించాక కూడా దగ్గు వినిపిస్తూనే ఉంది. హైమావతి కాలిన కారును చూస్తూ అడిగింది.

"మా చెరుకు కోసం మిల్లులు కోర్టుకెక్కినయ్యి, మనుషుల్నే చంపినయ్యి. ఎవురికి తోలతావమ్మా అని నన్నెవురూ అడగరేంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అక్రంకు హెడ్‌క్వార్టర్స్ నుంచి ఇంతవరకు క్లియరెన్స్ రాలేదు.