పురుగు ముట్టని శవం

మిట్టమధ్యాహ్నం... అయినా ఆ మహారణ్యంలో సూర్యకిరణం నేలను తాకదు. ఎక్కడో పిడుగు పడింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది!

ముప్పై తొమ్మిది రోజులుగా అక్కడ చచ్చినది చచ్చినట్టే పడి ఉంది. కోతి కళేబరం మీద ఈగ వాలదు. అడవిపంది శవాన్ని చీమ ముట్టదు. రాబందులు డొక్కలెండి కొమ్మల మీద కూర్చున్నాయి. మట్టికి తిండి లేక మహావృక్షాలు పండుబారి ఆకులు రాలుస్తున్నాయి...

అదంతా తన చేతి చలవేనని ఎముకలవాడికి తెలుసు. కళేబరాలను పురుగులకు పెట్టి, తేటపడ్డ ఎముకలను తీగతో కూర్చి, బడులకు అస్థిపంజరాలు ఇవ్వడం అతని పని. శవం మీదికి ఏది ముందు వస్తుందో, ఏది వెనక వస్తుందో అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. చెల్లెలు జ్వరంతో పోయిందని పరుగెత్తుకొచ్చిన రోజున, ఆమె మొగుడు, ఆ క్షుద్రోపాసకుడు, అతని చేతులు పట్టుకున్నాడు.

"నలభై రోజులు దీన్ని ఏదీ తినకపోతే లేపుతాను బావా. తినేవాటి పేర్లు నువ్వు చెప్పు, నేను కట్టేస్తాను."

ఈగ మొదలు రాబందు దాకా అన్నీ చెప్పాడు. తన నెత్తుట తడిపిన దారాన్ని మణికట్టుకు కట్టించుకున్నాడు. ఆ దారం ఉన్నన్నాళ్లే ఆ కట్టు.

ఇప్పుడు గుడిసెలో, కపాలం ముందు బావ మంత్రోచ్చారణ సాగుతుండగా... చెల్లెలి శవం ఒక రోజు ముందే లేచి కూర్చుంది!

"జ్వరం కాదన్నా," అంది, ఎండుటాకు నలిగినట్టున్న గొంతుతో. "ముందు చచ్చింది ఆయన. చచ్చిన రోజే నా ఊపిరి తీసి తొడుక్కున్నాడు. నువ్వు కట్టించింది నాకోసం కాదు, ఆయన శవాన్ని ఏదీ తినకుండా."

ఎముకలవాడు బావ వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆ శవం పక్కనే కూర్చుని తిన్నాడు. ధూపం వెనక ఉన్న వాసనను తన ముక్కు పసిగట్టలేదు... శవాల మధ్య బతికినవాడి ముక్కు!

మాంత్రికుడు నవ్వాడు. "ఇన్నాళ్లకు వెలిగిందా? ఎముకలు తోముకునేవాడివి, నీకెందుకు బావా ఈ గోల. రేపటితో నాకిక చావు లేదు. దారం తెంపావా, నీ చెల్లెలూ పురుగుల పాలే. చూస్తూ కూర్చోగలవా?"

ఎముకలవాడు మణికట్టు మీది దారాన్ని పట్టుకున్నాడు. ఆమె మళ్లీ అన్నా అని పిలుస్తుందనే కదా ఇన్నాళ్లూ కాచుకున్నది. పిలిచింది.

"అలిసిపోయాను. తెంపన్నా."

పళ్లతో కొరికి తెంపాడు!

ఆకాశం భళ్లున బద్దలైంది. మొట్టమొదట ఒక ఈగ వచ్చింది. ఎముకలవాడి చెంప మీద వాలి, బతికున్నవాడని వదిలేసి, వెళ్లి మాంత్రికుడి పెదవి మీద కూర్చుంది.

"నేను చావలేదు," అన్నాడు మాంత్రికుడు.

వాటికి మంత్రం తెలియదు, మాట తెలియదు. చచ్చినది ఏదో తెలుసు. చీమలు వరదలా వచ్చాయి... పెంకుపురుగులు, పందులు, ముప్పై తొమ్మిది రోజుల ఆకలితో రాబందులు! బీజాక్షరాలు పలుకుతున్న నాలుక ముందు పోయింది. తరువాత గొంతు. అడవి తన బాకీని ముక్క మిగల్చకుండా తినేసింది.

చెల్లెలు మెల్లగా వెనక్కి వాలింది. నల్లటి పురుగొకటి ఆమె పాదం మీదికి పాకింది. దాన్ని తోలడానికి ఎముకలవాడు చెయ్యెత్తాడు... దించేశాడు. ఆమె తలను ఒళ్లోకి తీసుకుని, దాని పని దాన్ని చేసుకోనిచ్చాడు.