కాలవ కట్ట ఎక్కని కారు

పొద్దున్నే కారు మీద రెండు బకెట్ల నీళ్ళు కొట్టందే పానకాలు కాఫీ ముట్టడు. పాతికేళ్ళుగా అదే వరస. అలాంటిది ఆ రోజు తాళంచెవి తెచ్చి కొడుకు పళ్ళెం పక్కన పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు. కారు దుమ్ముతో అలాగే ఉంది.

“ఇక నేను బండి తోలనురా ఉదయ్. ఎడమకాలు పట్టు తప్పింది. క్లచ్చి మీద కాలు ఉందో లేదో నాకే తెలియట్లా.”

ఉదయ్ కుమార్ చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళను పానకాలు రోజూ తన పాత అంబాసిడర్‌లో చేలకు చేరుస్తాడు. నిన్న కాలవ కట్ట సగం ఎక్కాక బండి మూలిగి, ఆగి, వెనక్కి జారింది. లోపల ఆరుగురు. భయంతో చెంచమ్మ తలుపు తీసి దూకేసింది. మణికట్టు బెణికింది. కోతల రోజుల్లో చెయ్యి బెణికితే ఇక ఆ మనిషి ఇంట్లో కూర్చోవాల్సిందే.

కారణం ఉదయ్‌కు తెలుసు. పర్చూరులో ట్రాక్టర్ షెడ్డు మేస్త్రీ, తెలియకేం! గుంటూరు రోడ్డు మీద అరవై దాటితే ఈ కారు ఇంజను చెవులు చిల్లులు పడేలా గోల పెట్టేది. భార్య సౌజన్యకు తలపోటు వచ్చేది. మొన్న తండ్రి చీరాల పెళ్ళికి వెళ్ళిన రెండు రోజుల్లో వెనక యాక్సిల్ విప్పి, లోపలి పళ్ళ చక్రాల జత మార్చేశాడు. పాత జతకు ఇంజను షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరిగితే కారు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కొత్తదానికి నాలుగు కూడా అక్కర్లేదు. రోడ్డు మీద హాయి. బరువుతో ఎత్తెక్కాలంటే మాత్రం బలం చాలదు. ‘మనదంతా చదునేగా, ఎక్కడానికి కొండలెక్కడున్నాయి’ అనుకున్నాడు మహానుభావుడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కాలవ కట్ట గుర్తు రాలేదు. చెబితే నాన్న వద్దంటాడని చెప్పనూ లేదు.

“గుంటూరు బ్రాడీపేటలో నరాల డాక్టరు ఉన్నాడంట. తీసుకుపోరా,” అన్నాడు పానకాలు.

“అలాగే నాన్నా.”

ఛీ, ఎంత తేలిగ్గా అనేశాడో!

సౌజన్య అతణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది. “ఇందాక మావయ్యగారు ఆ కాలిని పిడికిలితో ఎలా కొట్టుకుంటున్నారో చూశారా?”

“వయసైపోయిందిగా. ఎలాగూ ఎప్పుడో మానాల్సిందేగా...”

“సిగ్గుగా లేదూ! నా తలపోటు కోసం ఆ మనిషి కాలు తీసేస్తారా? మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

ఉదయ్ అరుగు దగ్గరికొచ్చి తల వంచుకునే మొత్తం చెప్పేశాడు.

పానకాలు కాలి మీది పిడికిలి విప్పాడు. “నిన్న చెంచమ్మ గుమ్మంలో, ముసలోణ్ణయ్యాను, క్షమించమ్మా అని దణ్ణం పెట్టాను. అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదరా!”

“కొట్టు నాన్నా,” అని ఉదయ్ కాళ్ళు పట్టుకోబోయాడు. పానకాలు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

“పాతది పారేశావా?”

“లేదు. పాకలో గోతంలో ఉంది.”

“తే.”

ఆ రోజంతా పానకాలు పాత చక్రాల పళ్ళను ఒక్కొక్కటే కిరసనాయిలుతో కడిగి అందించాడు. ఉదయ్ కారు కింద పడుకుని బిగించాడు. తండ్రి నోట ఒక్క మాట రాలేదు. అంతకంటే నాలుగు తన్నినా బాగుండు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చెంచమ్మ ఇంటి ముందు కారు ఆపాడు పానకాలు. “బండిలోనే లోపం అమ్మా. నేను చూసుకోలేదు.”

పక్క సీట్లోంచి ఉదయ్ దిగాడు. ఇంత జరిగినా నాన్న కొడుకు తప్పును దాస్తున్నాడు!

“కాదత్తా, నాన్న తప్పేం లేదు. ఆయనకు చెప్పకుండా నేనే బండి పాడుచేశాను. నీ చెయ్యి నయమయ్యేదాకా నీ సాలు నేను కోస్తా.”

“నువ్వా!” చెంచమ్మ కట్టు కట్టిన చెయ్యి ఊపింది. “కాయ కోయమంటే కొమ్మ విరిచే రకం! చేతులు మండి చస్తావురోయ్!”

“మండనీ అత్తా.”

నిజంగానే మండాయి. సాయంత్రానికి అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. పొద్దున భయంతో కట్ట కిందే దిగి నడిచిన ఆడవాళ్ళు ఇప్పుడు దిగలేదు. ఆరుగురితో కారు కాలవ కట్ట దగ్గరికొచ్చింది. అందరూ సీట్లు గట్టిగా పట్టుకున్నారు. బండి తడబడకుండా పైకెక్కింది. పానకాలు ఎడమ మోకాలి మీద చెయ్యేసి, పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు.

పక్క సీట్లో ఉదయ్‌కు కళ్ళ నిండా నీళ్ళు వచ్చేశాయి. మిరపకాయ చేతులు, తుడుచుకోవడానికి లేదు.

పానకాలు కట్ట మీద కారు ఆపి, భుజాన ఉన్న తుండుతో కొడుకు కళ్ళు తుడిచాడు.

“ఇంటికెళ్ళాక మజ్జిగలో చేతులు పెట్టు,” అన్నాడు. నిన్న ‘తే’ అన్నాక కొడుకుతో అతను మాట్లాడిన మొదటి మాట అదే.