బాపు పండుకునే వైపు

చెత్తబండి వచ్చే వేళకు ప్రియదర్శిని మంచం మీది దుప్పటి దులుపుతోంది.

రోజూ బడికి వెళ్లే ముందు ఆ మంచం సర్దేది తనే. బాపు యాదయ్య రాత్రంతా ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి ఆ మంచం మీదే పడుకుంటాడు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్ చప్పుడు. వెనక గదిలో అయితే కాస్త నిద్ర పడుతుంది. రాత్రయితే ఆ మంచం ప్రియదర్శినిది, చెల్లి సంయుక్తది.

గోడవైపు దిండు ఎత్తగానే కింద మడిచిన కాగితం కనిపించింది. విప్పి చూసింది. పేజీ నిండా చుక్కలు, చుక్కల మధ్య వంకర గీతలు.

"ఈ వారం గోడవైపు నాది. ఈడ గూడ దాని చెత్తే," అని గొణుక్కుంది.

బాపు తల పెట్టే చోట చెత్త ఉండటం ఆమెకు నచ్చలేదు. కాగితాన్ని ఉండచుట్టి డబ్బాలో వేసింది. అమ్మ మంజుల ఆ డబ్బాను తీసుకెళ్లి బండిలో గుమ్మరించింది. సంయుక్త అప్పుడు పెరట్లో పళ్లు తోముకుంటోంది.

ఆ వెనక గదిలో కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేసి పోయాక, నెల కిందటే అది పిల్లలకు వచ్చింది. వచ్చిన రోజు నుంచే గోడవైపు ఎవరు పడుకోవాలని కొట్లాట. ఫ్యాన్ గాలి తగిలేది ఇవతలి వైపు. కిటికీ కూడా ఇవతలే. అయినా ఇద్దరికీ గోడవైపే కావాలి. ఎందుకని అడిగితే ఇద్దరూ సరిగ్గా చెప్పరు. చివరికి అమ్మ విసిగి, "ఒక వారం పెద్దది, ఒక వారం చిన్నది. ఇగ లొల్లి బంద్," అని తేల్చేసింది.

సాయంత్రం ఐదుంపావుకు ఇద్దరూ బడి నుంచి వచ్చారు. గేటు ముందు బాపు తెల్ల కారు లేదు. అది ఉండే చోట నూనె మరక ఉంది. బాపు ఐదింటికే బయలుదేరతాడు. పావుగంటే తేడా. బుధవారం సెలవు రోజు తప్ప వాళ్లకు బాపు మెలకువగా దొరకడు. ఫోన్ చేస్తే, "కస్టమర్ ఉన్నడు బిడ్డా," అని పెట్టేస్తాడు.

సంయుక్త బ్యాగు కూడా తీయకుండా గదిలోకి పరుగెత్తింది. గోడవైపు దిండు ఎత్తింది. పరుపు ఎత్తింది. మంచం కిందికి దూరింది.

"ఏం దేవులాడుతున్నవే?" అంది ప్రియదర్శిని.

"ఏం లేదు."

ముందు గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "చిన్నీ, బాపు అడిగిండే. ఇయ్యాల కాయితం లేదు, చిన్నదానికి ఇసుగొచ్చిందా ఏంది అన్నడు. పాపం, దిండు రెండుమాట్ల ఎత్తి చూసిండు."

సంయుక్త మంచం కిందనుంచి బయటికి వచ్చింది. మోకాళ్లకు దుమ్ము.

"నాకు ఇసుగు రాలే," అంది మెల్లగా. "రోజూ మంచం సర్దినంక పెడ్త. ఇయ్యాల ముందే గీత గీసి పెట్టిన."

"ఏం కాయితం అది?"

"చుక్కల ఆట. నేను పొద్దున ఒక గీత గీస్త. బాపు నిద్ర లేచినంక ఒక గీత గీస్తడు. నాలుగు గీతలు కలిసి డబ్బా అయితే దాంట్ల పేరు రాసుకోవాలె. ఇరవై మూడు దినాల సంది ఆడుతున్నం. బాపుకు మూడు డబ్బాలు, నాకు నాలుగు."

పొద్దున తను ఉండచుట్టింది అదేనని ప్రియదర్శినికి తెలిసింది. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ చూడలేదు.

"నేనే పారేసిన," అంది. "చెత్త అనుకున్న."

సంయుక్త ఏడవలేదు. అక్క ముఖంలోకి చూసింది. "బాపు పండుకునే వైపు నీకే కావాలె. గందుకే పారేసినవ్."

"చూడక పారేసిన. నిజంగ."

"నువ్వు ఫ్యాన్ గాలికి సలి అంటవ్. సలి లేదు, ఏం లేదు."

ప్రియదర్శిని మంచం అంచున కూర్చుంది. "సలి లేదు," అని ఒప్పుకుంది. "ఆ దిండుకు బాపు నూనె వాసన వస్తది. ఆ వాసన వస్తె నాకు జల్ది నిద్ర పడతది."

సంయుక్త వచ్చి పక్కన కూర్చుంది. "నాక్కూడ," అంది.

ప్రియదర్శిని అమ్మ ఫోన్ తీసుకుని బాపుకు కలిపింది. వెనక హారన్లు, ఎవరో హిందీలో దారి చెబుతున్నారు. "బిడ్డా, మళ్ల చేస్త," అన్నాడు బాపు. ఫోన్ పెట్టేశాడు. చెప్పాల్సింది చెప్పనే లేదు.

ఆ రాత్రి ఆమె ఆ దిండును గోడవైపే వదిలేసి ఫ్యాన్ వైపు పడుకుంది.

"నీ వారం ఇంక మూడు దినాలు ఉంది గద," అంది సంయుక్త.

"నువ్వే పండుకో."

పొద్దున ప్రియదర్శిని ఒక చీటీ రాసింది. "బాపూ, కాయితం పారేసింది నేను. చిన్నికి ఇసుగు రాలేదు. నీ ఆట పాడు చేసిన." దాన్ని దిండు కింద పెట్టలేదు. ముందు చెల్లి చేతికి ఇచ్చింది.

"నీ కాయితంతోటి ఇది గూడ పెట్టొచ్చా?"

సంయుక్త రెండుసార్లు చదివింది. తర్వాత లెక్కల నోట్‌బుక్‌లోంచి కొత్త పేజీ చించి చుక్కలు పెట్టింది. ఈసారి చాలా పెట్టింది, పేజీ అంచుల దాకా. ఒక గీత గీసి పెన్సిల్ అక్కకు అందించింది.

"ఒక్కటే గియ్యి. మస్తు ఆలోచించి గియ్యాలె. బాపు గూడ ఎయిర్‌పోర్టు కాడ కారు లైన్ల పెట్టుకొని ఆలోచిస్తడట."

ప్రియదర్శిని ఆలోచించింది. బయట బడి ఆటో వచ్చి ఆగింది. "ఏయ్, టైమైంది," అని అమ్మ కేకేసింది. అప్పుడు గీసింది, చిన్న గీత.

సంయుక్త చీటీని, కాగితాన్ని కలిపి మడిచింది. ప్రియదర్శిని దిండును గోడవైపు నుంచి తీసి మంచం మధ్యలో పెట్టి, చెల్లి కాగితం పెట్టడానికి ఒక చివర ఎత్తి పట్టుకుంది.

ఆటోలో ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

"ఇప్పుడు బాపు యాడికొచ్చిండొచ్చు?" అంది సంయుక్త.

"ఎయిర్‌పోర్టు నుంచి వస్త తొండుపల్లి మూల మలుగుతుండొచ్చు."

బడి వచ్చేదాకా ఇద్దరూ ఎదురుగా వచ్చే ప్రతి తెల్ల కారునూ చూస్తూనే ఉన్నారు.