ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా

“తొమ్మిదికి బాంబు పేలుతుంది. పార్కింగ్‌లో అరవై కార్లు. మనం ముట్టుకోగలిగేది ఒక్కదాన్నే. రెండోదాని మీద చెయ్యి వేస్తే వాళ్ల మనిషి రిమోట్ నొక్కుతాడు.”

చీఫ్ దశరథం బ్రీఫింగ్ అంతటితో ముగిసింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గరి అద్దె గదిలో గడియారం ఎనిమిది నలభై చూపిస్తోంది. విదేశీ ముఠా ఫోన్‌లో అది ఎన్నో కారో చెప్పే కోడ్ ఒక్కటే దొరికింది: ఏడు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేదాకా.

ప్రేమలత దాన్ని క్షణంలో విప్పింది. ముఠాలో ఉంటూనే మన ఆఫీసుకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఏడు, ఆరు, ఐదు, అలా ఒకటి వరకు. త్రికోణం. మొత్తం ఇరవై ఎనిమిది. చీఫ్ ఆమెకేసి మెచ్చుకోలుగా చూసిన చూపు ఏజెంట్ శ్రీలత గుండెలో ముల్లులా దిగింది.

ఆర్నెల్లుగా అదే ముల్లు. రావిర్యాలలో ముఠా ఉండే వీధిలో ప్రేమలతది కిరాయి ఇంటి ఇల్లాలి వేషం. ఎదురుగా శ్రీలతది కూరగాయల గంప, చేతి గాజులో మైకు. ఎండ ఈమెకు, మెప్పు ఆమెకు. చివరికి వాకిట్లో ముగ్గు కూడా ఆమెదే బాగుండేది. ఒక్క చుక్క వంకర పోయేది కాదు. శ్రీలత రోజూ కళ్లలో నిప్పులు పోసుకుని చూసేది.

అంత ముగ్గేసే మనిషి త్రికోణం అంటుందేమిటి?

“సార్, అది ఇరవై ఎనిమిది కాదు.”

“జర ఆగు. నీ కుళ్లు నాకు తెల్వదా?” అన్నాడు చీఫ్. పార్కింగ్‌లో కార్లు కడిగేవాడి వేషంలో ఉన్న మొగులయ్యను ఇరవై ఎనిమిదో కారు వైపు నడవమన్నాడు.

కుళ్లు నిజమే. ఆ కుళ్లే తన చేత ఈ మాట అనిపిస్తోందేమో. తప్పయితే పోయేది తన పరువు కాదు, అక్కడి జనం ప్రాణాలు.

శ్రీలత సుద్దముక్క అందించింది. “అక్కా, గా త్రికోణం బల్ల మీద జర ఏసి చూపియ్యి.”

ప్రేమలత నవ్వి, వంగి, ఏడు చుక్కలు టకటకా పెట్టింది. వాటి సందుల్లో పైన ఆరు.

“త్రికోణానికి బల్ల నడుమల ఎందుకు మొదలువెట్టినవక్కా? కింద గింత జాగ ఎవరికి?”

సుద్దముక్క ఆగిపోయింది. ముగ్గుకు అలవాటైన చెయ్యి ఏడును నడుమనే పెడుతుంది. పైకి ఆరు నుంచి ఒకటి, కిందికీ ఆరు నుంచి ఒకటి. ఇరవై ఎనిమిదికి ఇరవై ఒకటి కలిస్తే నలభై తొమ్మిది.

“మొగులయ్యా, నలభై తొమ్మిదో కారు,” అంది శ్రీలత గాజులోకి. చీఫ్ వద్దనలేదు.

తొమ్మిది కావస్తుండగా చెవిలో గరగర. తర్వాత మొగులయ్య గొంతు వినిపించింది. “వైరు తెంపిన అక్కా. ఇంక మూడు సెకన్లు ఉండె.”

ముఠా కోసమే తప్పు లెక్క చెప్పిన ప్రేమలత, సంకెళ్లతో గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. “నా ముగ్గు రోజూ చూస్తుంటివి గద చెల్లే. ఎట్లుండె?”

 మర్నాడు పొద్దున శ్రీలత తన వాకిట్లో ఏడు చుక్కలు పెట్టి, లేచి నిలబడి చూసుకుంది. దేశం భద్రంగానే ఉంది. నాలుగో చుక్క మాత్రం వంకర పోయింది.