సగం తెంచిన వేళ్లు

"మీ వీధిని వీధిలాగే తరలిస్తాం. ఒక్క గడపా విడిపోదు." 2058లో సముద్రం నీలాలపేట అరుగుల దాకా వచ్చినప్పుడు పునరావాస మండలి అధ్యక్షుడు మైకులో అన్న మాట ఇది.

మూడేళ్లకు, జనవరిలో, విశాఖలోని మండలి ప్రయోగశాలలో సుధన్వ అనే యువ శాస్త్రవేత్త ఒక జునిపర్ బోన్సాయ్‌ని, అంటే మరుగుజ్జుగా పెంచిన చెట్టును, కుండీలోంచి పైకి లాగుతున్నాడు. అది రావడం లేదు. ఇరవై రెండేళ్లుగా అదే కుండీ. వేళ్లు పోయే చోటు లేక గుండ్రంగా తిరిగి తాడుచుట్టలా బిగుసుకున్నాయి. పోసిన నీళ్లు లోపలికి దిగడమే లేదు. చోటు మారిన ప్రాణి ఎలా కోలుకుంటుందో తేల్చమని మండలి అతన్ని నియమించింది.

"కత్తిని అంచు చుట్టూ తిప్పు బాబూ. పీకితే వస్తాదేటి?" అంది పారమ్మ. ఆ చెట్టును పెంచింది ఆమే. ఉండేది నీలాలపేటలోనే.

చెట్టు బయటికొచ్చింది. సుధన్వ దాని చుట్టూ తన రూట్‌స్కోప్‌ను అమర్చాడు. అదొక లోహపు వలయం. బలహీనమైన రేడియో తరంగాలు పంపి, మట్టిలోని ప్రతి వేరునూ తెరమీద చూపిస్తుంది. బతికినవి పచ్చగా, చచ్చినవి బూడిదరంగులో, వేళ్లను అల్లుకున్న బూజు తెల్లగా కనిపిస్తాయి. అతను నీళ్ల పైపు అందుకున్నాడు.

"పాత మట్టంతా కడిగేద్దాం. పాతది పోతేనే కదా కొత్త లోకం!"

"తలంటు పోస్తావేటి దానికి? సచ్చిపోద్ది. ఇవి సగమే విప్పాలి. ఈ పక్క ఇప్పుడు, ఆ పక్క రెండేళ్లు పోయాక. ఆ పక్కే దీన్ని సాకుతాది."

తెర ఆమె మాటే చెప్పింది. పాతమట్టిలో తెల్లటి బూజు పోగులు వేళ్లకు నీళ్లు అందిస్తున్నాయి. సుధన్వ పైపు పక్కన పెట్టాడు. ఒక పక్క వేళ్లను వెదురుపుల్లతో విప్పి, పొడుగువి కత్తిరించి, ఇసుకరాళ్ల కొత్తమట్టి కూరారు. చెట్టు కదలకుండా కుండీకి తీగతో కట్టారు.

"ఎరువు?"

"జొరంతో ఉన్నోడికి బిర్యానీ పెడతావా? నీడలో ఉంచి ఆకు మీద నీళ్లు చల్లు, చాలు." ఆమె చేతులు కడుక్కుంటూ అడిగింది: "మా వీధి కలిసే ఎల్తాది కదా? ఎదురింటి సింహాచలానికి చూపు లేదు. పొద్దున్నే ఇన్సులిన్ నేనే ఇయ్యాలి."

"సైన్స్ ప్రజలదమ్మా," అన్నాడు సుధన్వ. ఆ మాట ఎక్కడ చదివాడో అతనికే గుర్తులేదు.

ఆరు వారాలకు కొనల్లో లేత పచ్చదనం వచ్చింది. సుధన్వ అరవై పేజీల నివేదిక రాశాడు. నినాదమంటే అతనికి ప్రాణం, అందుకని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "సగం వేళ్లు తెంచినా చెట్టు బతుకుతుంది!" అని వేశాడు. మిగతా సగాన్ని ఎందుకు ముట్టుకోకూడదో నలభై ఒకటో పేజీలో ఉంది.

మండలి మొదటి పేజీ చదివింది. మార్చి చివర్లో జాబితా వచ్చింది. నీలాలపేటలో ఎడమ వరుస ఇళ్లు ఉత్తరాన ఒక కాలనీకి, కుడి వరుస డెబ్బై కిలోమీటర్ల అవతలి కాలనీకి, రెండూ ఏప్రిల్ పదిహేనునే. ఆధారం: సుధన్వ నివేదిక, పేజీ ఒకటి. కింద అతనికి అభినందనలు.

పారమ్మది ఎడమ వరుస, సింహాచలానిది కుడి. జాబితా పట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడతను. అక్కడే కూర్చుని మండలికి ఉత్తరం రాసి, ఆవేశంగా చదివి వినిపించాడు. అన్యాయం, చరిత్ర, ధిక్కారం, పిడికిలి.

"మొదటి పేజీ నిండా మళ్లీ కేకలే," అంది ఆమె. "అయ్యన్నీ కొట్టేసి, అడగాల్సింది అడుగు."

అతను కాగితం ముందుకు లాక్కున్నాడు. అన్నీ కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇంతే:

"నా మొదటి పేజీ తప్పు. నలభై ఒకటో పేజీ చదవండి. పదిహేనో తేదీ పొద్దున సింహాచలానికి ఇన్సులిన్ ఎవరు ఇస్తారు? మనిషి పేరు రాసి పంపండి. గడువు: 2061 ఏప్రిల్ 14."