స్టాంపులో కిటికీ

ఆ ఉదయం మంచు వీధినంతా మింగేసింది. ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన చిత్రకారుడి భుజాల మీద అది ఇంకా తడిగా మెరుస్తోంది.

"బొమ్మ పోయిందమ్మా! సాయంత్రానికి ప్రెస్సులో ఉండాలి. నా పరువు పోయినట్టే."

ఏ కేసుకూ తొందరపడదని ఆ ఆఫీసు నడిపే ప్రైవేటు డిటెక్టివును అందరూ నిదానమ్మ అనే పిలుస్తారు. కాఫీ అతని వైపు జరిపి, "ముందు ఊపిరి పీల్చుకోండి," అంది.

దేశాలన్నీ ఒకరి ఉత్తరాలు ఒకరు ఆపకుండా చేరవేద్దామని చేతులు కలిపిన రోజుకు గుర్తుగా స్టాంపు వేస్తున్నారు. దానికోసం అతను గీసింది, కిటికీ దగ్గర ఉత్తరం కోసం ఎదురుచూసే స్త్రీని. వెనక సముద్రం, కలలోలా తేలే ఓడలు.

"నిన్న సాయంత్రం ఆమె నుదుటి మీదికి ఒక జుట్టుపాయ జార్చాను. దాంతో ప్రాణం వచ్చింది. వెంటనే గదికి తాళం వేశాను. ఎవరికీ చూపించలేదు, చెప్పనూ లేదు. పొద్దున తాళం తీసి చూస్తే బొమ్మ లేదు."

"తాళంచెవి?"

"వంటింట్లో మేకుకే ఉంటుంది."

"ఇంట్లో అందరికీ తెలుసన్నమాట," అన్నాడు నిదానమ్మ మరిది. ఉద్యోగం మానేసి మరీ ఆమెకు అసిస్టెంటుగా చేరినవాడు.

చిత్రకారుడి ఇంట్లో, మేడ మీది గదిలో కిటికీ అద్దాలకు మంచు ఆనుకుని ఉంది. గోడ మీద పెద్ద ప్రపంచపటం. నిదానమ్మ దాని ముందే చాలాసేపు నిలబడిపోయింది. కింది మూల గుండుసూది పాత రంధ్రంలో కాక, పక్కన గుచ్చి ఉంది. వదిన అలా ఒకచోట ఆగిపోయిందంటే ఏదో దొరికిందని మరిదికి తెలుసు.

ఆ పొద్దున ఇంటికి వచ్చినవాళ్ళు ఇద్దరే. రంగులు కలపడానికి శిష్యురాలు, బొమ్మ తీసుకెళ్ళడానికి ప్రెస్ మేనేజరు.

"స్టాంపుకు నేను గీసిన బొమ్మ పక్కన పెట్టారని కోపం ఉంది, దాచను," అంది శిష్యురాలు. "దొంగతనం మాత్రం నా వల్ల కాదు."

"బొమ్మ లేకపోతే మునిగేది నేనండీ," అన్నాడు మేనేజరు.

చిత్రకారుడి అక్క కింద ఇస్త్రీ చేస్తోంది. "మోకాళ్ళ నొప్పులు. మేడెక్కి నెల దాటింది."

"బొమ్మలో ఉన్నది మీరేనట?"

"నేనేనని వాడే చెప్పాడు. తల కూడా దువ్వుకోనట్టు గీస్తే ఎవరికి బాగుంటుందమ్మా?"

నిదానమ్మ అందరినీ మేడ మీదికి పిలిచింది. అక్క రెయిలింగు పట్టుకుని మెల్లగా ఎక్కింది.

"బొమ్మ ఇల్లు దాటలేదు," అంటూ నిదానమ్మ ఆ సూది పీకింది. పటం వెనక బొమ్మ నలగకుండా ఉంది. "చించొచ్చు, పొయ్యిలో వెయ్యొచ్చు. తీసినవారికి ఆ పని చెయ్యడానికి చేతులు రాలేదు. బొమ్మంటే కోపమే గానీ, గీసినవాడంటే ప్రాణం." ఆమె గొంతు మెత్తబడింది. "జుట్టు చెదిరిందని మీకెలా తెలిసిందక్కా? నిన్న సాయంత్రం గీసిందాన్ని తమ్ముడు ఎవరికీ చూపించలేదు కదా."

అక్క కుర్చీలో కూలబడింది. "పొద్దున వాడు స్నానానికి వెళ్ళినప్పుడు ఎక్కాను. చూసి గుండె ఆగినంత పనైంది." తమ్ముడి వైపు తిరిగింది. "ఓడెక్కి వెళ్ళినాయన ఉత్తరం రాస్తానన్నాడు, రాయలేదు. రాయని ఉత్తరాన్ని ఏ దేశపు పోస్టు తెస్తుందిరా? ఎలాగో మర్చిపోయి బతుకుతున్నాను. ఇప్పుడు నా ఎదురుచూపుని కవరు కవరుకీ అతికిస్తారా? పైన ముద్ర కొట్టి మరీ!"



"నిన్ను అడగాల్సిందక్కా," అన్నాడు తమ్ముడు. బొమ్మను బోర్లించి పెట్టాడు. "నువ్వు వద్దంటే ఇది బయటికి పోదు."

మేనేజరు తల పట్టుకున్నాడు. అక్క అతన్ని చూసి నిట్టూర్చింది. "ఇంకో కాగితం తియ్యరా. కూర్చుంటాను. ఎదురుచూసేదాన్ని కాదు, రాసేదాన్ని గియ్యి."

శిష్యురాలు గబగబా రంగులు కలిపింది. అక్క కిటికీ దగ్గర కలం పట్టుకుని వంగింది. తెల్లటి వెలుతురులో ఆమె ముఖం వయసు మర్చిపోయింది.

"వదినా!" మరిది గుసగుసలాడాడు. "ఆవిడ నిజంగానే రాస్తోంది!"

"రాయనీ," అంది నిదానమ్మ, అతన్ని మెట్ల వైపు నడిపిస్తూ.